ప్రశ్నించువారి జవాబుదారీ

ప్రశ్న యడుగుట సులభమనియు, ఉత్తర మిచ్చుట కష్టమనియు లోకమున నొక యభిప్రాయము కలదు. అది సరికాదు. ఉత్తర మిచ్చువానికి విషయము తెలియకున్నచో నష్టము వాని యొక్కనిది. అడుగువానికే తెలియకున్నచో ఆ నష్టము వినిన వారందరిది. నేడు సెల్‌ఫోను చేతనున్న ప్రతి విద్యార్థి యెదుటను ఆన్‌లైన్ క్విజ్జులు కుప్పలు తెప్పలుగా వచ్చి పడుచున్నవి. పది ప్రశ్నలు, ఒక్కొక్కదానికి నాలుగు సమాధానములు, చివర మార్కులు. వీనిలో పెక్కింటిని కూర్చిన వారెవరో, ఎప్పుడు కూర్చిరో, వారు సరియైనదని చూపిన సమాధానమున కాధారమేమో తెలిసికొనుటకు దారి లేదు. ఇది చిన్న విషయమని మా పాఠకులలో కొందరు తలంపవచ్చును. చిన్నది కాదని నిరూపించుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఓరుగల్లు, హనుమకొండలు విద్యార్థుల పట్టణములు. 1959లో నెలకొల్పబడి నేడు జాతీయ సాంకేతిక విద్యాసంస్థగా నున్న ఇంజనీరింగు కళాశాలయు, 1976లో వెలసిన కాకతీయ విశ్వవిద్యాలయమును ఇచ్చటనే యున్నవి. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాదు, జనగామ ప్రాంతముల పల్లెలనుండి యువతీ యువకులు వచ్చి, గదులు అద్దెకు దీసికొని, ప్రభుత్వోద్యోగ పరీక్షలకు చదువుచున్నారు. శిక్షణాలయమున రుసుము చెల్లింపగలవారు కొందరు; చెల్లింపలేనివారు పెక్కుమంది. చెల్లింపలేనివానికి చేతిలోని ఫోనే గురువు, దానిలో వచ్చు క్విజ్జే పరీక్ష. పొలము పనుల నడుమ ఇంటివారు పంపు సొమ్ముతో కాలము గడుపువానికి ఇది వినోదము కాదు. ఒక్క మార్కు తేడాతో ఉద్యోగము చేజారు కాలమున, తప్పు సమాధానము నొకదానిని కంఠస్థము చేయించుట వాని కంచములోని ముద్దను లాగికొనుట వంటిదే.

మాటకు నిదర్శనము కావలెను. దూరము పోనక్కరలేదు, మన యూరి చరిత్రమునే తీసికొందము.

హనుమకొండ వేయిస్తంభాల గుడిని కట్టించినవారెవరని యొక ప్రశ్న తరచుగా కనబడును. 1163 నాటి శాసనము ప్రకారము అది రుద్రదేవుని నిర్మాణము. ఈ రుద్రదేవునికే మొదటి ప్రతాపరుద్రుడనియు పేరు కలదు. ప్రశ్న కూర్చినవానికి ఈ సంగతి తెలియదు. నాలుగు సమాధానములలో రుద్రదేవుని నొకచోటను, మొదటి ప్రతాపరుద్రుని వేరొకచోటను ఉంచి, ఒకదానికి మార్కు నిచ్చి, రెండవదానికి ఎర్రగుర్తు పెట్టును. ఒకే మనుష్యుడు ఒక పేరుతో ఒప్పు, మరియొక పేరుతో తప్పు! చదువని విద్యార్థి అదృష్టముచే నెగ్గును. రెండు పేర్లు నెరిగిన విద్యార్థి తికమకపడి యోడును. తెలిసినవానిని శిక్షించు పరీక్షను పరీక్ష యని యెట్లనగలము?

రామప్ప దేవాలయపు ప్రశ్న ఇంకను విచిత్రమైనది. పాలంపేటలోని ఆ యాలయమును గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు నిర్మింపజేసెనని 1213 నాటి శాసనము చెప్పుచున్నది. రామప్ప యనునది శిల్పి పేరని లోకప్రసిద్ధి. "రామప్ప గుడిని నిర్మించిన దెవరు?" అని యడిగి, గణపతిదేవుని, రేచర్ల రుద్రుని, రామప్పను వరుసగా నిలిపినచో ఏమి చెప్పవలెను? రాజ్య మేలినవానిని చెప్పవలెనా, ధనము వెచ్చించి కట్టించినవానిని చెప్పవలెనా, ఉలి పట్టినవానిని చెప్పవలెనా? తెలుగున కట్టుట వేరు, కట్టించుట వేరు. ఆ యొక్క యక్షరభేదమును పాటించియుండిన ప్రశ్న స్పష్టమై యుండెడిది. భాషయెడల నంతమాత్రపు శ్రద్ధయైనను లేనిచో ప్రశ్నలు కూర్చుటకు పూనుకొననేల?

అదే గుడి ఏ జిల్లాలో నున్నది? 2014లో తెలంగాణ రాష్ట్ర మేర్పడినప్పుడు జిల్లాలు పది. అప్పుడు అది వరంగల్ జిల్లాలోనిది. 2016 అక్టోబరు 11వ తేదీన జిల్లాలు ముప్పదియొకటి కాగా అది జయశంకర్ భూపాలపల్లి జిల్లాకు పోయినది. 2019 ఫిబ్రవరిలో ములుగు ప్రత్యేక జిల్లా కాగా అందు చేరినది. అప్పటినుండి రాష్ట్రమున జిల్లాలు ముప్పదిమూడు. ఆ గుడి 2021 జూలైలో యునెస్కో వారి ప్రపంచ వారసత్వపు జాబితా కెక్కినది. అట్లెక్కిన పిదపను భూపాలపల్లియే సరియైన సమాధానమని చూపు క్విజ్జులు తిరుగుచునే యున్నవి. 2021 ఆగస్టులో వరంగల్ అర్బను జిల్లా హనుమకొండ జిల్లాగను, రూరలు జిల్లా వరంగల్ జిల్లాగను మార్పుచెందినవి. కనుక నేడు వేయిస్తంభాల గుడి యొక జిల్లాలోను, ఓరుగల్లు కోట వేరొక జిల్లాలోను ఉన్నవి. గుడులు కదలలేదు, కోటలు కదలలేదు, గీతలు కదలినవి. ప్రశ్నకు తేదీ లేనిచో ఇట్టి సమాధానము నేడు సత్యము, రేపు అసత్యము. పంచాంగమునకు సంవత్సరము పేరు వేయకుండ నెవరైన నచ్చొత్తించెదరా?

కాలముతో మారునవి జిల్లాల హద్దులు మాత్రమే కావు, చరిత్రజ్ఞానమును మారును. రాణి రుద్రమదేవి 1295 ప్రాంతమువరకు పాలించెనని పాత పుస్తకములలో నుండెడిది. నల్లగొండ జిల్లా చందుపట్లలో దొరకిన శాసనమువలన ఆమె 1289లోనే శివసాయుజ్యము నొందినట్లు తెలియవచ్చినది. ఆమె సేనాని మల్లికార్జున నాయకుడును ఆమెతోపాటు గతించినట్లు ఆ శిల చెప్పుచున్నది. ఒక రాతిపలక మొత్తము కాలనిర్ణయమునే సవరించినదన్న మాట. పాత పుస్తకమును చూచి ప్రశ్న కూర్చినవాడు 1295 అనును. క్రొత్త పుస్తకమును చదివినవాడు 1289 అనును. ఇరువురి నడుమ విద్యార్థి నలుగును. ఆమె గణపతిదేవుని కుమార్తె. వెనుకటి కాలమున ఈ తీరమునకు వచ్చిన మార్కోపోలో యామెను రాజుగారి వితంతువుగా వ్రాసిపెట్టెను. పరదేశి యాత్రికుడు విని వ్రాసినదానిలో పొరపాటుండుట సహజము. ఓరుగల్లు బిడ్డలకు ఓరుగల్లు రాణిని గూర్చి చెప్పువారు శాసనమును విడిచి వినికిడినే నమ్ముట సహజమా?

ప్రజాకవి కాళోజీ నారాయణరావు గారు 1914 సెప్టెంబరు 9వ తేదీన నేటి కర్ణాటకలోని బిజాపూరు ప్రాంతపు రట్టిహళ్లిలో జన్మించిరి. పెరిగినది మన మడికొండలో. మడికొండ యాయన స్వగ్రామమని యనుట న్యాయమే. కాని "జన్మస్థల మేది?" అని యడిగి మడికొండకు మార్కు వేయుట న్యాయము కాదు. ఆయన పుట్టినదినమును తెలంగాణ భాషాదినోత్సవముగ జరుపుకొనుచున్న మనము, ఆయన పుట్టిన యూరిని మార్చి చెప్పినచో ఆ గౌరవమున కర్థమేమి?

ఇక దేశవ్యాప్తమైన తప్పు లున్నవి. మన జాతీయక్రీడ హాకీ యని నేర్వని బాలుడు దేశమున లేడు. ఏ క్రీడను గాని జాతీయక్రీడగా ప్రకటింపలేదని కేంద్ర క్రీడామంత్రిత్వశాఖ 2012లో సమాచారహక్కు చట్టము క్రింద నడిగిన ప్రశ్నకు బదులు చెప్పినది. అయినను హాకీకి మార్కులు పడుచునే యున్నవి. దీనికి తోడు అనువాదముల బాధ. ఇంగ్లీషు ప్రశ్నను యంత్రమునకు వేసి, అది కక్కిన తెలుగును మరల చదివి చూడకయే ప్రకటించుచున్నారు. ఉక్కు కర్మాగారము ఉక్కు మొక్కగా మొలచు అనువాదములివి. "కానిది ఏది" యన్నచో "కా" యొక్కటి జారిపోయిన చాలును, ప్రశ్న తలక్రిందులగును. అన్నింటికంటె కడుపు మండించున దింకొకటి. విద్యార్థి ఇరువది ప్రశ్నలకు శ్రమపడి బదులు చెప్పిన పిమ్మట, మార్కులు చూడవలెనన్న ఫోను నంబరు నిమ్మందురు. ఇచ్చిన నాటినుండి శిక్షణాలయముల వారి పిలుపులతో వాని చెవులు చిల్లులు పడును. జ్ఞానమును ఎరగా వేసి గాలము విసరుట యిది.

ఇన్ని తప్పు లెట్లు పుట్టుచున్నవి? ఒకడు తప్పు చేయుటవలన గాదు. ఒకని తప్పును నూరుగురు చూడకుండ నెత్తి వ్రాసికొనుటవలన. దీనికి పాశ్చాత్యదేశమున ఒక రుచికరమైన కథ కలదు. అమెరికాలో ఫ్రెడ్ వర్త్ అను నతడు విశేషవిషయముల నిఘంటువు నొకదానిని 1974లో ప్రకటించెను. తన గ్రంథమును దొంగిలించువారిని పట్టుకొనవలెనని, కొలంబో యను టెలివిజన్ గూఢచారి మొదటి పేరు ఫిలిప్ అని, తాను కల్పించిన యబద్ధ మొకదానిని అందు చొప్పించెను. కొన్నేండ్లకు ట్రివియల్ పర్సూట్ అను ప్రసిద్ధమైన ప్రశ్నల యాటలో ఆ యబద్ధమే సరియైన సమాధానముగా ప్రత్యక్షమయ్యెను. వర్త్ 1984లో ముప్పది కోట్ల డాలర్లకు దావా వేసెను. వాస్తవవిషయములు ఎవరి సొత్తును కావని న్యాయస్థానములు దావాను త్రోసివేసినవి. చట్టము సంగతి యటుండనిండు. కోట్లకొలది ప్రతులు అమ్ముడుపోయిన యాటకు ప్రశ్నలు కూర్చినవారు, ఆ పేరు నిజమా యని మూలమును చూడలేదు. కాగితము మీద అచ్చు వేయు కాలముననే అట్లు జరిగినచో, ఒక్క వ్రేలి తాకుడుతో వేయి వాట్సాప్ బృందములకు ప్రాకు నేటి కాలమున ఏమి కావలెను? పైగా ఇప్పుడు కృత్రిమమేధ యను క్రొత్త వ్రాయసకాడు వచ్చినాడు. అడిగినంతనే నూరు ప్రశ్నలు కూర్చి యిచ్చును. తెలియనిదానిని గూడ తెలిసినంత ధైర్యముగా చెప్పును. దానిని తప్పుపట్టుట వృథా. అది వ్రాసిన దానిని సరిచూడక ప్రజలమీదికి విడుచువానినే తప్పుపట్టవలెను.

మన దేశమున ప్రశ్న యడుగుట యొక విద్య. అవధానసభలలో పృచ్ఛకుని స్థానము అవధాని స్థానమునకు తీసిపోదు. తిరుపతి వేంకటకవుల కాలమునుండి నేటివరకు, సమస్య నిచ్చువాడు దానికి పూరణ సాధ్యమని తా నెరిగియే యియ్యవలెను. ఛందస్సు తప్పిన సమస్య నిచ్చిన పృచ్ఛకుని చూచి సభ నవ్వును, అవధానిని చూచి నవ్వదు. పొడుపుకథ వేసిన ముసలమ్మ సైతము, పిల్లలు ఓడితిమని యొప్పుకొన్న వెంటనే విడుపు చెప్పి, అది యెట్లు కుదిరినదో వివరించును. కుదరకున్న పిల్లలు ఊరకొనరు. ప్రశ్నోపనిషత్తులో ఆర్గురు జిజ్ఞాసువులు పిప్పలాద మహర్షిని సమీపించినప్పుడు, ఒక సంవత్సరము నియమముతో నుండి పిమ్మట అడుగుడనియు, తమకు తెలిసియున్నచో చెప్పెదమనియు ఆయన పలికెను. ఋషియే తన తెలివికి హద్దు పెట్టుకొన్నాడు! హద్దు లేనిది నేటి క్విజ్జులు కూర్చువారికే. సభ లేదు గనుక నవ్వువారు లేరు. విడుపు చెప్పరు గనుక నిలదీయువారు లేరు.

"ఊరక యిచ్చుచున్నాము, ఇష్టమైన నాడుకొనుడు, లేకున్న మానుకొనుడు, ఇంత విచారణ మెందుకు?" అని కొందరందురు. ఎండకాలమున మన వీధులలో చలివేంద్రములు పెట్టుదురు. ఆ నీరు నూరకయే యిత్తురు. ఊరక యిచ్చుచున్నామని కుండ కడుగకుండ మురికినీరు పోయవచ్చునా? పుణ్యమునకు పోసినను నీరు తేటగా నుండవలెను. విద్యాదానమున కీ నియమము వర్తింపదా?

"ప్రభుత్వ పరీక్షలలోనే తప్పు లుండగా మమ్మేల యందురు?" అని మరికొందరందురు. ఉన్నమాట నిజము. అయినను అచ్చట నొక మార్గ మున్నది. మన రాష్ట్రపు పబ్లిక్ సర్వీస్ కమిషన్ మొదట ప్రాథమిక కీ ప్రకటించి, అభ్యర్థుల ఆక్షేపణలను స్వీకరించి, పిమ్మట తుది కీ ప్రకటించుచున్నది. దానివలన తృప్తి కలుగనివాడు న్యాయస్థానమునకు పోవుచున్నాడు. కాన్పూరు విశ్వవిద్యాలయపు వ్యాజ్యమున 1983లో సుప్రీంకోర్టు, కీ సరియైనదనియే మొదట భావింపవలెననియు, అది తప్పని స్పష్టముగా ఋజువైనచో సరియైన సమాధానము వ్రాసిన విద్యార్థిని దండించుట అన్యాయమనియు తీర్పు చెప్పినది. కీ తప్పగుటకు వీలున్నదని దేశపు అత్యున్నత న్యాయస్థానమే యంగీకరించినది. ఆన్‌లైన్ క్విజ్జుకు మాత్రము కీయే వేదవాక్యము. దానికి అప్పీలు లేదు.

మేము క్విజ్జులకు విరోధులము కాము. 1967లో కలకత్తాలో నీల్ ఓబ్రయన్ బహిరంగముగా నడపిన పోటీ మొదలు, నేడు పాఠశాలలలో జరుగు పోటీలవరకు, మంచి ప్రశ్న లెందరి బాలురలోనో కుతూహలమును రగిల్చినవి. పాలంపేట గుడిని గూర్చి చక్కని ప్రశ్న యొకటి వినిన బాలిక ఆదివారమున బస్సెక్కి ఆ గుడిని చూడబోవును. చెడుప్రశ్న యామెచే మార్కును మాత్రము లెక్కింపజేయును. అంతకంటె హానికర మింకొకటి కలదు. తాను పుస్తకమున చదివినది సత్యమైనను, తెరమీద ఎర్రగుర్తు కనబడినంతనే తన చదువునే యనుమానించు బుద్ధి యలవడుచున్నది. స్వబుద్ధిపై నమ్మకము పోయిన యువకుడు రేపు అధికారియైనను, ఉపాధ్యాయుడైనను, పౌరుడైనను, ఎవడు బిగ్గరగా చెప్పిన వాని మాటయే వినును. స్వతంత్ర దేశమునకు ఇంతకంటె కీడు వేరేమున్నది?

కావున చేయవలసిన దేమి? కష్టమైన పని యేదియు లేదు. ప్రతి ప్రశ్నక్రింద ఆధారమును చూపవలెను: ఏ శాసనము, ఏ గ్రంథము, ఏ ప్రభుత్వపుటుత్తరువు. ప్రశ్న కూర్చిన తేదీ వేయవలెను. కూర్చినవాడు కాక రెండవవాడొకడు చదివి, నాలుగింట రెండు సమాధానములు ఒప్పగుటకు వీలున్నదేమో చూడవలెను. ఆక్షేపణ తెలుపుటకు చోటుంచి, తప్పని తేలినచో దిద్దుబాటును బహిరంగముగా ప్రకటింపవలెను. సమాధానముతోపాటు రెండు వాక్యముల వివరణ నీయవలెను. ఇంతమాత్రము చేయలేనివాడు ప్రశ్నలు కూర్చుట మానుకొనుట దేశసేవయే యగును.

ఈ పనికి ఓరుగల్లుకంటె తగిన చోటు మరియొకటి లేదు. 1904లోనే హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును స్థాపించి, పరభాషాప్రాబల్యపు రోజులలో తెలుగు పుస్తకమును ప్రజలకందించిన పెద్దల యూరిది. తెలంగాణమున కవులు లేరను మాట వచ్చినప్పుడు సురవరము ప్రతాపరెడ్డి గారు కోపముతో కేకలు వేయలేదు. 1934లో గోలకొండ కవుల సంచికలో 354గురు కవులను సాక్ష్యముగా నిలిపిరి. కొమఱ్ఱాజు లక్ష్మణరావు గారు తెలుగువారికి విజ్ఞానసర్వస్వము కావలెనని తలచి, తాము శోధించి, ఇతరులచే శోధింపించి, ఆ శ్రమలోనే 1923లో గతించిరి. అబద్ధమునకు మందు ఆధారమేయని వారు చేసి చూపిరి. విశ్వవిద్యాలయపు చరిత్రశాఖవారు, గ్రంథాలయములవారు, పాఠశాలల ఉపాధ్యాయులు చేతులు కలిపినచో, ఓరుగల్లు ప్రాంతపు చరిత్రము, భూగోళము, సాహిత్యములను గూర్చి ఆధారసహితములైన వేయి ప్రశ్నల భాండారము నొక్క విద్యాసంవత్సరములో కూర్పవచ్చును. దానిని ఉచితముగా నందరి ఫోనులకు పంపవచ్చును. మంచి సరుకు అంగడిలో నున్నప్పుడు గదా కల్తీసరుకు వెలవెలపోవును.

విద్యార్థులకును ఒక మాట. తెరమీది ఎర్రగుర్తు తీర్పు కాదు. అనుమానము కలిగినప్పుడు పుస్తకము తెరువుడు. పుస్తకములు రెండు విధములుగా చెప్పినచో శాసనము వద్దకు పొండు. మీ యూరి గుడిగోడపైననే అది యుండవచ్చును. తప్పు కనబడినచో నూరకొనక, కూర్చినవారికి వ్రాయుడు. వారు వినకున్న మీ తోడివారికైన చెప్పుడు.

మన భాషలో బాధ్యతను జవాబుదారీ యందురు. జవాబు చెప్పవలసినవాడని దాని యర్థము. ఇన్నాళ్లు ఆ భారమును విద్యార్థి యొక్కడే మోయుచున్నాడు. అడుగువారును ఇకనైన దానికి భుజము పట్టుదురు గాక!